నా తుమ్ములకి వరి దుమ్ము కారణం కాదట!

"తాతయ్యా, నాకు వరి దుమ్ము పడదు."

కోతల సీజన్ వచ్చిన ప్రతిసారీ మా తాతయ్యకి ఫోన్లో ఈ ఒక్క డైలాగే చెప్తూ వచ్చాను. ఒకటి కాదు, నాలుగేళ్లు. అది అబద్ధమని నాకూ తెలీదు. పోయిన నవంబర్లో గుంటూరులో ఒక డాక్టర్ గారి గదిలో కూర్చుని, నా ముంజేతి మీద లేచిన దద్దురు చూశాక తెలిసింది.

మా తాతయ్యది రేపల్లె పక్కన పల్లె. అమ్మానాన్నలు తెనాలిలో, అత్తయ్య వాళ్లు బాపట్లలో, నేను హైదరాబాద్‌లో లాప్‌టాప్ ముందు. చిన్నప్పుడు గడ్డివాములో దొర్లి, ఒళ్లంతా నూగు అంటించుకుని నాయనమ్మ చేత తిట్లు తిన్నవాణ్ణే. కానీ ఉద్యోగంలో చేరాక మొదటిసారి కోతలకి వెళ్తే, పొద్దున్నే మొదలైన తుమ్ములు మధ్యాహ్నానికి ముప్ఫై దాటాయి. కళ్లు ఎర్రగా, ముక్కు కుళాయిలా. మరుసటి ఏడాదీ అదే కథ. మూడో ఏడాది నుంచి వెళ్లడం మానేశాను.

తాతయ్య ఏమీ అనలేదు. కానీ అమ్మతో అన్నాడట: "సాఫ్ట్‌వేర్ అయ్యాక వాడికి మట్టి పడట్లేదులేమ్మా." అమ్మ నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మూడు ఊళ్లు, ఒకటే ముక్కు

నన్ను డాక్టర్ దగ్గరికి తరిమింది వరి కాదు, ముక్కులో వేసుకునే చుక్కలు. ముక్కు బిగుసుకుంటోందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నాను. రెండు చుక్కలు వేస్తే నిమిషంలో గాలి ఆడేది. రెండు నెలలు తిరిగేసరికి అవి లేకపోతే నిద్రే లేదు. సీసా జేబులో లేకుండా ఆఫీసుకి కూడా వెళ్లలేని పరిస్థితి.

డాక్టర్ గారు మొదట మందు రాయలేదు, ప్రశ్నలు వేశారు. ఏ ఊళ్లో ఎక్కువ వస్తాయి? ఏ టైములో? రాత్రి ఎక్కడ పడుకుంటావు?

ఆలోచిస్తూ చెప్పుకుంటూ పోయాను. హైదరాబాద్ రూములో లేవగానే నాలుగైదు తుమ్ములు, ఏసీ వల్ల అనుకునేవాణ్ణి. తెనాలిలో పది పదిహేను. రేపల్లె దగ్గర ఊళ్లో లెక్కలేనన్ని. బాపట్లలో? ఆగిపోయాను. బాపట్లలో అసలు రావు.

అక్కడే తేడా కొట్టింది. బాపట్లలో వరి లేదా? ఆ ఊరికి 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. మనం హోటల్లో తినే సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204. ఆ బీపీటీ అంటే బాపట్లే, 1986లో విడుదలైన రకం. అప్పికట్ల దాటాక రైలు కిటికీలోంచి చూస్తే రెండు పక్కలా చేలే. డిసెంబర్లో అక్కడా కోత మిషన్లు తిరుగుతాయి, అక్కడా దుమ్ము లేస్తుంది. మరి నా ముక్కు రేపల్లె వరికి తుమ్మి, బాపట్ల వరికి ఎందుకు ఊరుకుంటుంది?

"బాపట్లలో ఎక్కడ పడుకుంటావు?" అని మళ్లీ అడిగారు.

"డాబా మీద, చాప వేసుకుని."

"మీ తాతగారింట్లో?"

"పరుపు మీద సార్."

ఆయన పెన్ను పక్కన పెట్టి, "వారం రోజులు అలర్జీ మాత్రలు ఆపేసి రా, టెస్ట్ చేద్దాం" అన్నారు.

చేతి మీద తీర్పు

ఆ టెస్ట్ పేరు స్కిన్ ప్రిక్ టెస్ట్. ముంజేతి మీద వరుసగా చుక్కలు వేస్తారు. ఒక్కో చుక్కలో ఒక్కో పదార్థం సారం: ఏదో ఒక పుప్పొడి, బూజు, ధాన్యం దుమ్ము, బొద్దింక ఇలా. ఒక్కో చుక్క మీద చిన్న సూదిమొనతో గుచ్చుతారు, రక్తం కూడా రాదు. వీటితోపాటు ఉత్త సెలైన్ ఒకటి, హిస్టమిన్ ఒకటి. సెలైన్ దగ్గర ఏమీ రాకూడదు, హిస్టమిన్ దగ్గర దద్దురు రావాలి. అప్పుడే టెస్ట్ సరిగ్గా నడిచినట్టు. మాత్రలు ఆపమన్నది ఇందుకే. అవి హిస్టమిన్ పనిని అడ్డుకుంటాయి కాబట్టి నిజమైన అలర్జీ కూడా దాక్కుంటుంది.

15 నుంచి 20 నిమిషాలు ఆగాలి. వరి దుమ్ము గుచ్చిన చోట దోమ కుట్టినంత కూడా లేదు. బూజులకీ ఏం లేదు. 'డస్ట్ మైట్' అని రాసిన చోట మాత్రం తెల్లగా, చుట్టూ ఎర్రగా, 8 మిల్లీమీటర్ల దద్దురు. సెలైన్ కంటే 3 మిల్లీమీటర్లు పెద్దగా లేస్తేనే పాజిటివ్ అంటారు. నాది గోక్కోకుండా ఉండలేనంత.

నాలుగేళ్లు వరి మీద వేసిన నేరం ఇరవై నిమిషాల్లో కొట్టేశారు.

అసలు ముక్కులో ఏం జరుగుతుంది?

డస్ట్ మైట్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు ఉండే, ఎనిమిది కాళ్ల జీవి. సాలీడుకి దూరపు చుట్టం. కుట్టదు, కరవదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, గాలిలోని తేమ పీల్చుకుని బతుకుతుంది. పరుపు, దిండు, దుప్పటి, కర్టెన్ దాని కాపురం. సముద్రం పక్కన తేమ ఉండే మన డెల్టా దానికి స్వర్గం. మనకి ఎక్కువగా పడనిది దాని రెట్ట. అందులోని ప్రొటీన్లే అలర్జెన్లు. వాటిలో ఒకటి జీర్ణరసం లాంటి ఎంజైమ్. ముక్కు లోపలి పొరలో కణానికీ కణానికీ మధ్య ఉండే అతుకుల్ని అది వదులు చేసి లోపలికి దారి చేసుకుంటుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు తుమ్ము రాదు. లోపల గస్తీ తిరిగే కణాలు ఆ ప్రొటీన్‌ని పట్టుకెళ్లి టీ కణాలకి చూపిస్తాయి. చాలామంది ఒంట్లో "పర్లేదు, వదిలెయ్" అనే జవాబు వస్తుంది. నాలాంటి వాళ్ల ఒంట్లో మాత్రం టీ కణాలు బీ కణాలకి ఒక ప్రత్యేకమైన ఆర్డర్ ఇస్తాయి: ఐజీఈ తయారు చెయ్యి.

ఐజీఈ ఒక రకం యాంటీబాడీ. రక్తంలో యాంటీబాడీలు ఐదు రకాలైతే, అన్నిటికంటే తక్కువగా ఉండేది ఇదే. ఎక్కువగా ఉండే ఐజీజీతో పోలిస్తే సుమారు లక్షో వంతు. రక్తంలో రెండు మూడు రోజులకి మించి నిలవదు. కానీ అది రక్తంలో తిరగడానికి పుట్టలేదు. వెళ్లి మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుంటుంది. అక్కడ వారాల తరబడి ఉంటుంది. మాస్ట్ కణాలంటే ముక్కు పొరలో, కళ్లలో, చర్మంలో, ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే కణాలు. వాటి నిండా హిస్టమిన్ మూటలు. ఆ కణాల మీద వేలకు వేలు ఐజీఈలు కొక్కేల్లా బయటికి తిరిగి నిలబడి ఉంటాయి. మనకేమీ తెలీదు. తుపాకీ లోడ్ అయింది, అంతే.

ఈసారి పరుపు మీద వాలగానే దుమ్ము లేచింది. అదే ప్రొటీన్ ముక్కులోకి వెళ్లింది. పక్కపక్కనే ఉన్న రెండు ఐజీఈలని ఒకేసారి పట్టుకుంది. ఒక్కదాన్ని పట్టుకుంటే ఏం కాదు. రెండిటిని కలిపి వంతెన వేస్తేనే మాస్ట్ కణానికి సిగ్నల్. నిమిషాల్లో మూటలు విప్పేస్తుంది. హిస్టమిన్ నరాన్ని తాకితే దురద, తుమ్ము. గ్రంథుల్ని కదిలిస్తే నీళ్లు. రక్తనాళాల్ని వదులు చేస్తే వాపు, దాంతో ముక్కు దిబ్బడ. నా చేతి మీద ఇరవై నిమిషాల్లో లేచిన దద్దురు, ముక్కులో జరిగే వాపు రెండూ ఒకటే. ఒకటి కనిపిస్తుంది, ఒకటి కనిపించదు.

మరి పొలంలోనే ఎందుకు తుమ్మాను?

నన్ను నాలుగేళ్లు తప్పుదారి పట్టించింది ఇదే. రాత్రి పరుపు మీద ముక్కు బిగుసుకునేది. ప్రయాణం అలసట, చలి అనుకునేవాణ్ణి. అసలు కథ అక్కడితో ఆగదు. మాస్ట్ కణాలు హిస్టమిన్ వదలడంతోపాటు "రండి రండి" అని మిగతా కణాలకి కబురు పెడతాయి. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో విడత మొదలవుతుంది. ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి పొరని మరింత వాచేలా చేస్తాయి. మా నాయనమ్మ ఎవరు వరసగా తుమ్మినా "ఇస్నోఫీలియా" అనేది. మరీ తప్పేం కాదన్నమాట.

రాత్రి పదింటికి పడుకుంటే, ఆ రెండో విడత తెల్లవారుజామున. పొద్దున పొలానికి వెళ్లేసరికి నా ముక్కు పచ్చిపుండులా ఉండేది. అలాంటి ముక్కుకి ఏదైనా గుచ్చుకుంటుంది. పొగ, సెంటు, చల్లగాలి, వరి నూగు. తుమ్మించింది నూగే. కానీ ముక్కుని ఆ స్థితికి తెచ్చింది పరుపు. బాపట్లలో చాప మీద పడుకుని లేచిన ముక్కు అదే నూగుని పట్టించుకోలేదు.

ఇంకో మాట. ప్రతి తుమ్మూ అలర్జీ కాదు. గుంటూరు మిరపకాయలు తిరగమోతలో పడితే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. అక్కడ ఐజీఈకి పనే లేదు. ఆ ఘాటు నేరుగా నరాన్ని గిల్లుతుంది. అలాగని వరి కోతలు అందరికీ నిర్దోషి అనీ కాదు. తడిసిన గడ్డిలోని బూజుకి, పుప్పొడికి కొంతమందికి నిజంగానే అలర్జీ ఉంటుంది. నాకు లేదు, అంతే. అందుకే అంచనాలు కాదు, టెస్ట్ ముఖ్యం.

పురుగుల కోసం పుట్టిన ఆయుధం

ఈ ఐజీఈని కనిపెట్టిన కథ కూడా బాగుంటుంది. 1921లో జర్మనీలో కుస్ట్‌నర్ అనే డాక్టర్‌కి చేప పడదు. ఆయన సహచరుడు ప్రౌస్‌నిట్జ్‌కి ఏ ఇబ్బందీ లేదు. కుస్ట్‌నర్ సీరమ్ తీసి ప్రౌస్‌నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకుంటే నిమిషాల్లో దద్దురు! అంటే అలర్జీని మోసేది రక్తంలోనే ఏదో ఉంది. అదేంటో తేలడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ విడివిడిగా ఒకే యాంటీబాడీని పట్టుకున్నారు. 1968లో దానికి ఐజీఈ అని పేరు పెట్టారు.

మరి ఒంటికి ఇంత తలనొప్పి తెచ్చేది అసలు ఎందుకుంది? శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే జవాబు: కడుపులో, రక్తంలో చేరే పురుగులతో పోరాడటానికి. తుమ్ము, నీళ్లు, దురద అన్నీ "బయటికి నెట్టెయ్" అనే పనులే కదా. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. కొంతమందిలో ఆ పురుగు పిల్లల మీద ఒళ్లు విపరీతంగా తిరగబడి, రాత్రిళ్లు దగ్గు, ఆయాసం వస్తాయి. వాళ్ల రక్తంలో ఐజీఈ, ఇసినోఫిల్స్ చాలా ఎక్కువగా ఉంటాయి. దానికి ఇప్పటికీ వాడే మందు డైఇథైల్‌కార్బమజైన్. 1947 ప్రాంతంలో అమెరికాలో లెడర్లీ సంస్థలో దాన్ని తెచ్చిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. పురుగు మీదికి వెళ్లాల్సిన ఆయుధం, నా విషయంలో పరుపులోని దుమ్ము మీద పేలుతోంది.

నేనేం చేస్తున్నానంటే

నేను డాక్టర్ని కాదు. నాకు చెప్పింది మీకు చెప్తున్నా, మీ ముక్కు సంగతి మీ డాక్టర్‌ని అడగండి.

మొదట ఆ చుక్కలు మాన్పించారు. ముక్కు తెరిచే చుక్కలు మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడితే, మందు దిగగానే ముక్కు ఇంకా ఎక్కువ బిగుస్తుందట. నన్ను పట్టుకుంది అదే. మానేశాక ఐదారు రాత్రులు నరకం, తర్వాత నెమ్మదించింది.

బదులుగా స్టెరాయిడ్ నాసల్ స్ప్రే ఇచ్చారు. ఇది చుక్కల్లా నిమిషంలో పనిచేయదు, కొన్ని రోజులు పడుతుంది. రోజూ వాడాలి. ముక్కు మధ్య గోడకి కాకుండా, బయటి వైపుకి కొట్టాలి. స్టెరాయిడ్ అనగానే భయపడ్డాను. ముక్కు వరకే పనిచేసే చిన్న డోసు వేరు, "ఒక్కటి పొడిపించుకో, సీజనంతా హాయి" అంటూ పల్లెల్లో వేసే ఇంజెక్షన్ వేరు. ఆ రెండోది ఒళ్లంతా తిరుగుతుంది, షుగర్‌నీ ఎముకల్నీ దెబ్బతీయొచ్చు. మాత్రల్లో నిద్ర తక్కువ తెచ్చే కొత్త రకాలున్నాయి. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునేవాళ్లు కుళాయి నీళ్లు కాదు, మరిగించి చల్లార్చినవే వాడాలి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి, ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో ఆస్తమా కూడా ఉండే అవకాశం ఎక్కువ.

పక్క సంగతి: వారానికోసారి దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం, పరుపుకీ దిండుకీ జిప్ ఉన్న గట్టి నేత కవరు. మైట్ దుమ్ము గాల్లో ఎక్కువసేపు తేలదు, కదిపితే లేచి త్వరగా కిందికి దిగిపోతుంది. అందుకే గది గాలి కంటే, ముఖం ఆనించి పడుకునే దిండే పెద్ద శత్రువు. ఇవన్నీ చాలకపోతే ఇమ్యునోథెరపీ ఉంది. అదే అలర్జెన్‌ని కొద్దికొద్దిగా మూడు నుంచి ఐదేళ్లు ఇచ్చి ఒంటిని అలవాటు చేయడం. నేనింకా అంత దూరం వెళ్లలేదు.

కంకినల్లి

అన్నిటికంటే కష్టమైన పని ఇంకోటి మిగిలింది. తాతయ్యకి చెప్పడం.

ఎందుకంటే ఆ పరుపు మామూలు పరుపు కాదు. మా పెరట్లో బూరుగు చెట్టు దూది తీసి, నాయనమ్మ దగ్గరుండి కుట్టించింది. ఆమె పోయాక తాతయ్య దాన్ని అటక మీద పెట్టాడు. ఏడాదంతా అక్కడే. నేను వస్తున్నానంటే చాలు, దింపించి వేయిస్తాడు. ఆయన పడుకునేది నులక మంచం మీద. ఇంట్లో ఉన్న ఒక్క మెత్తటి పక్కా మనవడికే.

పోయిన డిసెంబర్లో వెళ్లాను. తెనాలిలో ప్యాసింజర్ ఎక్కి వేమూరు, భట్టిప్రోలు దాటేవరకూ ఎలా చెప్పాలా అని రిహార్సల్ వేసుకున్నాను. చివరికి ఐజీఈ, మాస్ట్ కణం అంటూ మొదలుపెట్టాను. తాతయ్య ఓపిగ్గా విని, "ఇంతకీ ఏందిరా అది?" అన్నాడు.

"పరుపులో కంటికి కనపడని నల్లి తాతయ్యా."

"నల్లి కనపడకపోవడమేందిరా? నల్లులు ఏరి చంపినోళ్లం."

"ఆ నల్లి కాదు. కుట్టదు. కంకినల్లి లాంటిది."

తాతయ్య మొహం మారింది. కంకినల్లి అంటే డెల్టా రైతుకి పాఠం చెప్పక్కర్లేదు. కంటికి ఆనదు, కంకి తాలుపోయాక గానీ తెలీదు. భూతద్దం పెట్టి చూడాల్సిందే.

"అయితే నీ తప్పేం లేదన్నమాట" అన్నాడు.

నిజానికి అది నేను వరికి చెప్పాల్సిన మాట.

"దానికి మందేం కొడతారు?" అని అడిగాడు. మందు కాదు, ఎండ, వేడినీళ్లు, గట్టి గలీబు అని చెప్పాను. పరుపు పారేద్దామని మాత్రం నోరు రాలేదు. తాతయ్యే కాసేపు ఆగి, "అదే నల్లి నన్నేం చేయట్లేదే?" అన్నాడు.

మంచి ప్రశ్న. జవాబు కూడా దాంట్లోనే ఉంది. అదే పరుపు, అదే దుమ్ము. ఆయన ఒళ్లు దాన్ని చూసి వదిలేసింది, నా ఒళ్లు గుర్తుపెట్టుకుంది. అలర్జీ దుమ్ములో లేదు, ఆ గుర్తులో ఉంది.

"మరింకేం" అన్నాడు తాతయ్య లేస్తూ. "మీ నాయనమ్మ పరుపు మీద నేను పడుకుంటా. నువ్వు నా మంచం తీసుకో."

ఆ రాత్రి వరండాలో నులక మంచం మీద, ఉతికిన దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పొద్దున మాస్కు పెట్టుకుని ఆయన వెనకే పొలానికి వెళ్లాను. మిషన్ తిరిగింది, దుమ్ము లేచింది. మూడు తుమ్ములు వచ్చాయి. తాతయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"ఏం లేదు తాతయ్యా, పద" అన్నాను.